తుఫాను తెంచని తాడు

ప్లెయిన్స్‌బరో,
ఫిబ్రవరి 8, 2026, ఆదివారం.

చిరంజీవి ఇషితకు నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మ, చెల్లి వేద, నేను ఒంటికి సంబంధించినంత వరకు బాగానే ఉన్నాం. హైదరాబాద్‌లో నువ్వూ, మీ పిన్ని సాయి ప్రియ వాళ్ళూ బాగున్నారని తలుస్తాను.

ఈసారి ఉత్తరం మొత్తం తెలుగులోనే రాయమన్నావు. బస్సు మీద బోర్డు గబగబా చదవడం రాక రోజూ ఎవరినో ఒకరిని అడగాల్సి వస్తోందని, వాళ్ళు నిన్ను ఎగాదిగా చూస్తున్నారని రాశావు. పదేళ్ళు ఆదివారం తెలుగు బడికి కార్‌లో దింపి వచ్చిన డ్రైవర్‌గా నాకు కాస్త సిగ్గేసింది. సరే, నీ కోసం గుండ్రంగా, విడివిడిగా రాస్తున్నాను. రాజీవ్ అంకుల్ మంగళవారం హైదరాబాద్ వస్తున్నాడు, ఈ కవరు ఆయన చేతికిస్తున్నాను. గురువారానికి నీకు అందాలి. పిన్ని చేత మాత్రం చదివించుకోకు. రెండు రోజులు పట్టినా సరే, కూడబలుక్కుని నువ్వే చదువు. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావేమో. ఫోన్‌లో ఏం చెప్పినా నువ్వు "ఓకే నాన్నా" అనేస్తావు. ఆ ఓకే పట్టుకుని నేను ఇంకో వారం బతికేస్తాను. నాలుగు నెలలుగా మనిద్దరి మధ్య నడుస్తున్నది అదే.

ముందు నువ్వడిగిన చిన్న ప్రశ్నలు. జనవరి చివర పడ్డ మంచు ఇంకా పోలేదు. పార్కింగ్ లాట్ మూలన గుట్టగా తోసిపోశారు, నల్లగా గడ్డకట్టి ఉంది. నీ కార్ అమ్మేయమన్నావు, అమ్మలేదు. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఊరికే కూర్చుని దిగుతున్నాను. వేద నీ గదిలోకి మారిందా అన్నావు. మారమంటే "అది అక్క రూమ్ నాన్నా, వియర్డ్‌గా ఉంటుంది" అంటుంది. నీ స్వెట్‌షర్టులు మాత్రం ఒక్కొక్కటీ దాని ఒంటి మీదికి వస్తున్నాయి. మీ అమ్మ మోకాలికి ఫిజియోథెరపీ నడుస్తోంది. చేయించుకునేది తక్కువ, ఆ ఫిజియోథెరపిస్టుకి సలహాలివ్వడం ఎక్కువ.

ఇక పెద్ద ప్రశ్న. "మన పడవల అనిమే లాస్ట్ ఎపిసోడ్స్ చూశావా? అప్పుడు సోఫాలో స్లీప్ అయిపోయావు. ఎందుకు బుక్‌లో ఒకలా, స్క్రీన్ మీద ఒకలా ఎండ్ చేశారో గెస్ చెయ్యి. నువ్వే ఆ డైరెక్టర్ అయితే వెయిట్ చేసేవాడివా?" అని రాశావు. దానికి జవాబు నా దగ్గర చాలా ఉంది. నువ్వు ఊహించిన దానికంటే ఎక్కువే ఉంది.

నీకు గుర్తుందో లేదో, ఆ జపాన్ బొమ్మల సీరియల్ మనం ఆదివారం మధ్యాహ్నాలు చూసేవాళ్ళం. నీళ్ళ మీద తేలే ఊరు, పడవలన్నీ తాళ్ళతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. ఒక పిల్ల ఉండే పడవ చిన్నప్పుడే ఊరి నుంచి విడిపోయి సముద్రంలోకి కొట్టుకుపోతుంది. ఆ పిల్ల పెద్దదై తన తండ్రి పడవ కోసం రేవు రేవునా వెతుకుతుంది. ఆ పిల్ల పేరు నాకు నోరు తిరిగేది కాదు. నేను రెండు మార్కుల ప్రశ్నలు వేస్తూ ఉంటే నువ్వు విసుక్కునేదానివి.

"నాన్నా, జస్ట్ వాచ్. ఎవ్రీథింగ్ అడక్కు."

"అడక్కపోతే ఎట్లా తెలుస్తుంది? తండ్రి ఎందుకు వెతకట్లేదు ఆ పిల్లని?"

"ఎందుకంటే ఆథర్ ఇంకా రాయలేదు. ఆమెకే తెలుసు. నో స్పాయిలర్స్ ఫ్రమ్ ఆథర్ ఆల్సో."

నువ్వు వెళ్ళాక, అంటే అక్టోబర్ నుంచి, ఆదివారాలు ఏం చేయాలో తోచక ఆ సీరియల్ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను. ఇరవై నాలుగు ఎపిసోడ్లూ చూశాను. ఈసారి నిద్ర పోలేదు. తర్వాత నీ గదిలో అలమర పై అరలో ఉన్న మాంగా, అదే ఆ కథ బొమ్మల పుస్తకాలు, దింపి అవి కూడా చదివాను. కుడి నుంచి ఎడమకి చదవాలని తెలియక మొదటి పుస్తకం వెనక నుంచి మొదలుపెట్టి చివర్లో తెల్లబోయాను. అది వేద చూసి, తన ఫ్రెండ్స్ అందరికీ చెప్పింది.

నా బుర్రకి అర్థమైనంత వరకు సంగతి ఇది. పుస్తకం నెలకి ఒక అధ్యాయం వస్తుంది. రాసేదీ, గీసేదీ ఒకే మనిషి, పక్కన ఇద్దరు ముగ్గురు సహాయకులు. టీవీలో ఒక్కో ఎపిసోడ్ రెండు అధ్యాయాలు తినేస్తుంది. అంటే ఆవిడ రెండు నెలలు నడుం విరిగేలా గీసింది వీళ్ళు ఒక్క వారంలో, ఇరవై నిమిషాల్లో అవగొట్టేస్తారు. సీరియల్ మొదలైనప్పుడు చేతిలో ఉన్నవి ముప్పయ్యారు అధ్యాయాలు. పద్దెనిమిదో ఎపిసోడ్‌కి అవి అయిపోయాయి. ఇంకా ఆరు ఎపిసోడ్లు మిగిలాయి. ఆవిడని తొందరపెట్టలేరు. టీవీలో టైము ముందే తీసుకున్నారు, ప్రకటనల వాళ్ళకి మాటిచ్చారు, గొంతులిచ్చేవాళ్ళకి తేదీలు ఇచ్చారు. అసలు చాలా సీరియళ్ళు తీసేది కథ పూర్తిచేయడానికి కాదట, పుస్తకం పది మందీ కొనడానికట. పుస్తకం ఎక్కడున్నా సీరియల్ మాత్రం అనుకున్న వారానికి ముగియాలి. ఇరవై ఏళ్ళుగా నేను ఆఫీస్‌లో చేస్తున్నది ఇదే కదా. ఏం కట్టాలో సగమే చెబుతారు, రిలీజ్ తేదీ మాత్రం గోడ మీద రాసేస్తారు.

అప్పుడు వాళ్ళకి ఉన్న దారులు మూడే. ఒకటి, పద్దెనిమిదో దగ్గర ఆపేసి కొన్నేళ్ళు కూర్చోవడం. ఆ కొన్నేళ్ళలో చూసేవాళ్ళు మర్చిపోతే మళ్ళీ మొదలవుతుందన్న నమ్మకం లేదు. రెండోది సాగదీయడం, అంటే కథ కదలకుండా ఎవరెవరో పక్క ఊళ్ళకి వెళ్ళి రావడం, పాత సంగతులు గుర్తు చేసుకోవడం, ఒక్క పరుగు ఎపిసోడ్ అంతా పరిగెత్తడం. మన తెలుగు సీరియళ్ళ వాళ్ళు వీళ్ళకి పాఠాలు చెప్పగలరు. మూడోది, ముగింపు వాళ్ళే రాసుకోవడం. మన డైరెక్టర్ రచయిత్రిని అడిగితే ఆవిడ ఒక్క ముక్క చెప్పిందట: చివరికి తండ్రీ కూతుళ్ళు కలుస్తారు. ఎలా కలుస్తారో, కలిసి ఏం మాట్లాడుకుంటారో చెప్పలేదు. అప్పటికి ఆవిడకే తెలియదేమో. ఆ ఒక్క ముక్క పట్టుకుని పాపం ఆ డైరెక్టర్ ఆరు ఎపిసోడ్లు అల్లాడు. పెద్ద తుఫాను వచ్చి తాడు తెగిందని, తండ్రి పదేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాడని, ఒక పొద్దున రెండు పడవలూ ఎదురుపడ్డాయని చూపించాడు. పాట పెట్టాడు. నేను ఏడ్చాను. మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి "బొమ్మలకి ఏడుస్తున్నారా" అని టిష్యూ పెట్టె ఇచ్చి వెళ్ళింది.

నువ్వు ఆ ముగింపు మీద ఎందుకు అంత మండిపడేదానివో నాకు పుస్తకాలు చదివితే గానీ తెలియలేదు. యాభై ఒకటో అధ్యాయం. సీరియల్ అయిపోయిన ముప్పావు ఏడాదికి వచ్చింది. అందులో తుఫాను లేదు. సముద్రం ప్రశాంతంగా ఉంది. తండ్రి తన పడవ మునిగిపోతుందన్న భయంతో, బరువు తగ్గించుకోవడానికి, పిల్ల నిద్రపోతున్న పడవ తాడు తన చేత్తో విప్పాడు. తర్వాత ఊరందరికీ తుఫాను అని చెప్పుకున్నాడు. ఆ పిల్ల తనని వెతుకుతోందని అతనికి తెలుసు. ఆ పిల్ల ఏ రేవుకి వస్తే అక్కణ్ణించి ముందు రోజే వెళ్ళిపోతూ ఉంటాడు. ఆ అధ్యాయంలో ఒక పేజీ నిండా ముడి విప్పుతున్న రెండు చేతులే ఉన్నాయి, మాట లేదు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. సీరియల్ తీసినవాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళకి అప్పటికి ఆ అధ్యాయం లేదు. తెలియక ఆ తండ్రిని మంచివాణ్ణి చేసి పంపేశారు.

యాభై ఎనిమిదో అధ్యాయం తర్వాత రచయిత్రి చేతికి జబ్బు చేసి ఆగిపోయింది కదా. మూడేళ్ళయింది. ఆ పిల్ల ఇంకా నీళ్ళ మీదే ఉంది.

ఇప్పుడు నిన్న జరిగింది చెప్తాను. మీ అమ్మా నేనూ సరుకులకి ఓక్ ట్రీ రోడ్‌కి వెళ్ళాం. కూరగాయల దగ్గర రఘు వాళ్ళ నమ్రత కనిపించింది. వాళ్ళ ఆరుష్ న్యూయార్క్‌లో ఉద్యోగంలో చేరాడట, రోజూ ట్రైన్‌లో వెళ్ళి వస్తున్నాడట. నువ్వూ వాడూ ఒకే స్కూల్ బస్సు ఎక్కేవాళ్ళు. నీ గురించి అడిగింది. తర్వాత మామూలుగానే, బెండకాయలు ఏరుకుంటూ, అడిగింది.

"ఏంటి రేణూ, గ్రీన్‌కార్డ్ ఫింగర్‌ప్రింట్స్ అయిపోయాయా మీకు?"

"ఇంకా ఫైలే చేయలేదు కదా," అంది మీ అమ్మ.

"అదేంటి? క్యూలో మీ డేట్ నవంబర్ ట్వంటీ థర్టీన్ కదా. అక్టోబర్ నుంచి ఓపెనే ఉంది. మా కజిన్ వాళ్ళు ఫస్ట్ వీక్‌లోనే వేసేశారు. డేట్ మళ్ళీ వెనక్కి పోయిందంటే ఎన్నేళ్ళో తెలీదు. శ్యామ్ గారూ, ఏం చూస్తున్నారింకా?"

"లాయర్ దగ్గర లేట్ అవుతోందండీ," అన్నాను.

మీ అమ్మ నా వంక చూడలేదు. బిల్లు చేయించింది, సంచులు ట్రంక్‌లో పెట్టింది, కార్‌లో కూర్చుని బెల్ట్ పెట్టుకుంది. నేను స్టార్ట్ చేయబోతే ఆపమంది.

"లాయర్ దగ్గర లేటా, మీ దగ్గర లేటా?"

"నా దగ్గరే."

"ఇషితని మన కాగితాల్లో కలపొచ్చని లాయర్ చెప్పాడన్నారు. అది నిజమేనా?"

"కాదు. కుదరదన్నాడు. జూలైలోనే చెప్పాడు."

మీ అమ్మ ఏడవలేదు. అద్దంలోంచి బయట తోపుడు బళ్ళ వరసని చూస్తూ కూర్చుంది. తర్వాత "అయితే అది అక్కడ దేని కోసం ఎదురుచూస్తోంది?" అంది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది. నేనే రాస్తానన్నాను.

కాబట్టి రాస్తున్నాను తల్లీ. నిదానంగా చదువు.

తల్లిదండ్రుల గ్రీన్‌కార్డ్ కాగితాల్లో బిడ్డకి చోటు ఇరవై ఒకటి నిండే వరకే. నీకు 2024 ఫిబ్రవరిలో నిండాయి. ఇంత వరకు నీకూ తెలుసు. ఆ తర్వాత స్టూడెంట్ వీసా మీద డిగ్రీ పూర్తిచేశావు, బొమ్మలు గీసేవాళ్ళకి ఆ వీసా ఇచ్చే మూడు నెలల గడువులో ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు, సెప్టెంబర్‌లో వెళ్ళిపోయావు. వయసు లెక్కలో కొన్ని నెలలు తీసేసే వెసులుబాటు ఉందని, లాయర్ దాని మీద పని చేస్తున్నాడని, అక్కడ ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకుండా కొన్నాళ్ళు ఓపిక పట్టమని నీకు ఎయిర్‌పోర్ట్‌లో చెప్పాను. అబద్ధం. ఆ నెలలన్నీ తీసేసినా చాలవని లాయర్ జూలైలోనే లెక్కగట్టి చూపించాడు. నువ్వు వెళ్ళిన నెల తిరక్కుండానే మేం కాగితాలు వేసుకునే తేదీ తెరుచుకుంది. "డేట్ మూవ్ అయిందిగా నాన్నా, నా సంగతి లాయర్ ఏమన్నాడు?" అని నువ్వు ఎంత ఆశగా అడిగావో ఆ గొంతు నా చెవిలో ఉంది. చూస్తున్నాడమ్మా అన్నాను. అప్పటి నుంచి వారం వారం చూస్తున్నాడనే చెప్పాను. కథ కదలకుండా ఎపిసోడ్లు నింపాను.

ఇది మీ అమ్మకి కూడా నిన్ననే తెలిసింది. ఇక రాయబోయేది ఆమెకీ తెలియదు. ఈ కవరు రాజీవ్ చేతికి వెళ్ళాక చెప్తాను. ముందు నీకే తెలియాలి.

2020 అక్టోబర్ గుర్తుందా? మనమందరం ఇంట్లోనే ఉన్నాం. నువ్వు పై గదిలోంచి ట్వెల్త్ గ్రేడ్ క్లాసులు వినేదానివి. గ్రీన్‌కార్డ్ కోసం మనలాంటి వాళ్ళు నిలబడే వరసలు రెండున్నాయి. రెండో కేటగిరీ పెద్ద డిగ్రీ కావలసిన ఉద్యోగాలకి, మూడోది మామూలు డిగ్రీ చాలే ఉద్యోగాలకి. మనది రెండోది. ఆ అక్టోబర్‌లో ఉన్నట్టుండి మూడో వరస మనల్ని దాటి ముందుకు పోయింది. మనవాళ్ళు చాలామంది రెండో దాంట్లోంచి మూడో దాంట్లోకి దిగి కాగితాలు వేసుకున్నారు. రఘు దిగాడు. మాస్క్ పెట్టుకుని మన బాల్కనీ కింద నిలబడి నన్ను కూడా దిగమని గంట సేపు చెప్పాడు.

"గదేం ఈగో శ్యామ్? కాగితం మీద రాస్తే నీ డిగ్రీ పోతదా? పిల్ల ఏజ్ అవుట్ అయితే ఏం జేస్తవ్?"

"రెండోదే మళ్ళీ జంప్ అవుతుంది, చూస్తూ ఉండు," అన్నాను.

నేను అప్పుడే సీనియర్ మేనేజర్‌ని అయ్యాను. మూడో దాంట్లోకి దిగాలంటే ఒక మామూలు డిగ్రీ ఉద్యోగానికి నన్ను పెడుతున్నట్టు కంపెనీ చేత కొత్త కాగితం వేయించాలి. నా కంటే పదేళ్ళు చిన్నవాడైన డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి ఆ మాట అడగాలంటే నాకు తల కొట్టేసినట్టయింది. మా వాట్సాప్ గ్రూపులో మూడో కేటగిరీ వాళ్ళని ఏమని వెక్కిరించేవాళ్ళమో నీకు చెప్పను, ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆ వెక్కిరింతల్లో సగం నావే.

అంతవరకైతే తెలివితక్కువ అనుకోవచ్చు. చాలామంది తప్పు లెక్క వేశారు, నేనూ వేశాను అనుకోవచ్చు. అయిదేళ్ళు మీ అమ్మకీ, నీకూ, నాకు నేనూ అలాగే చెప్పుకున్నాను. గవర్నమెంట్ అన్నాను, క్యూ అన్నాను, మన ఖర్మ అన్నాను. కానీ ఆ అక్టోబర్ నెలాఖరున లాయర్ నాకొక మెయిల్ పంపాడు. అందులో నీ పేరుంది. "మీ పెద్దమ్మాయి ఇషితకు 2024 ఫిబ్రవరిలో ఇరవై ఒకటి నిండుతాయి. రెండో కేటగిరీలోనే ఉంటే అప్పటిలోగా మీ తేదీ రాకపోవచ్చు. కనీసం ఆమె కోసమైనా మూడో కేటగిరీలో వేయమని నా సలహా" అని రాశాడు. మూడు సార్లు చదివాను. మీ అమ్మ పక్క గదిలో ఉంది, పిలిచి చూపించలేదు. రెండో కేటగిరీలోనే ఉంటాను, థాంక్స్ అని ఒక్క లైన్ జవాబు కొట్టి, ఆ మెయిల్ తీసి వేరే ఫోల్డర్‌లో పడేశాను. సరిగ్గా ఏడాదికి మూడో వరసలో కార్డులు చేతికిచ్చే తేదీ కూడా మన తేదీ దాటింది. దిగి ఉంటే నీకు పద్దెనిమిదేళ్ళకే కార్డ్ వచ్చేది. ఆరుష్‌కి వచ్చింది.

తుఫాను రాలేదు ఇషితా. నా చేతులతో నేనే విప్పాను. నువ్వు అప్పుడు పై గదిలో క్లాసు వింటున్నావు.

నువ్వు పోయిన ఉత్తరం చివర రాసిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు. ఒసాకాలో ఆ చిన్న అనిమే స్టూడియో నిన్ను తీసుకుంటామంది, రెండు బొమ్మల మధ్య బొమ్మలు గీసే పని, రెండేళ్ళ కాంట్రాక్ట్, ఇరవయ్యో తేదీ లోపల చెప్పమన్నారు అన్నావు. "జపాన్ వెళ్తే లాయర్ కేస్ ఎఫెక్ట్ అవుతుందా? ఛాన్స్ ఉంటే నేను నో చెప్తాను నాన్నా. ఐ వాంట్ టు కమ్ హోమ్. నువ్వు చెప్పింది చేస్తాను" అని రాశావు. నేను చెప్పింది చేసే నువ్వు ఇక్కడి దాకా వచ్చావు.

లాయర్ కేసంటూ ఏదీ లేదు. వెళ్తానని ఈ రోజే రాయి. నన్ను అడక్కు, మీ అమ్మని అడక్కు, నెలనెలా తేదీలు వేసే ఆ వీసా బులెటిన్ చూడకు. మేం కార్డులు తెచ్చుకుని నీ కోసం వేస్తే అది వేరే వరస, నువ్వు ముప్పై దాటాక గానీ తేలదు, అది కూడా నువ్వు పెళ్ళి చేసుకోకుండా ఉంటేనే. ఇక్కడే పుట్టి సిటిజన్ అయిన వేద ఒక రోజు లెక్కవేసి "సో ఐ కెన్ బ్రింగ్ అక్క, బట్ షి విల్ బి లైక్, ఓల్డ్?" అంది. దాని లెక్క కరెక్టే. ఆ లెక్కలో నువ్వు బతుకు ఆపుకుని కూర్చోవద్దు.

డైరెక్టర్‌వి నువ్వే అయితే వెయిట్ చేసేవాడివా అన్నావు. చేసేవాణ్ణి కాదు. కానీ ముగించాక అదే అసలు కథ అని కూడా చెప్పేవాణ్ణి కాదు. నీకు అక్కడ బాగుంటుందో లేదో నాకు తెలియదు. భాష రాని మూడో దేశానికి ఒంటరిగా పంపుతున్నాను, సంతోషంగా ఉండు అని రాసే ముఖం నాకు లేదు. నువ్వు అయిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చావు, నీ పళ్ళు ఇక్కడే ఊడాయి, ఇక్కడే వచ్చాయి. హోమ్ అని నువ్వు రాసింది ఈ ఇల్లే. దీనిలోకి నిన్ను మళ్ళీ తీసుకురాగల దారి నాకు తెలిసి లేదు. క్షమించమని అడగడం కూడా ఇంకో పని నీ నెత్తిన పెట్టడమే అవుతుంది, అందుకని అడగను. నాతో మాట్లాడాలనిపించకపోతే మాట్లాడకు. మీ అమ్మ ఫోన్ మాత్రం ఎత్తు.

ఒక్కటి మిగిలింది. కాగితాలు నాలుగు నెలలుగా నా డ్రాయర్‌లో ఎందుకున్నాయో కూడా నీకు తెలియాలి. డేట్ వెనక్కి పోతే మీ అమ్మ కూడా నా వల్లే నష్టపోతుంది, అది తెలిసీ ఉంచాను. ఆ ఫారంలో పిల్లల గురించి ఒక పేజీ ఉంటుంది. ఎంతమంది పిల్లలున్నారో, ఏ వయసు వాళ్ళైనా, ఎక్కడున్నా అందరినీ రాయాలి. వరసలో మొదటి పేరు నీది. దాని కింద ఒక ప్రశ్న: ఈ బిడ్డ మీతో పాటు దరఖాస్తు చేసుకుంటున్నదా? అవును, కాదు అని రెండు గడులు. నిన్నటి దాకా నేను ఆ పేజీ దాటలేదు.

ఈ రోజు పొద్దున, ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు, డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరం కూర్చుని నింపాం. నా దాంట్లో కాదు దగ్గర నేను గుర్తు పెట్టాను. మీ అమ్మ ఫారం వేరే, అందులోనూ అదే పేజీ ఉంటుంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని నీ పేరు, నువ్వు పుట్టిన తేదీ, పుట్టిన ఊరు అన్నీ తన చేత్తో రాసింది. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టి, కాగితం నా వైపు తోసి "ఇది మీరే పెట్టండి" అంది.

పెట్టాను.

ఇట్లు,
మీ నాన్న,
శ్యామ్‌సుందర్